గుర్రం మెడ వంచకండి, వీపు లేవనివ్వండి

పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు ఒక గుర్రాన్ని కొన్నాడు. ఎర్రటి ఆడగుర్రం, పేరు గౌరి. చెవుల కొసలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి కాబట్టి మార్వారీ రక్తమో కాఠియావాడీ రక్తమో ఎంతో కొంత ఉండుంటుంది. అంతకుముందు అది పెళ్ళి ఊరేగింపుల్లో తిరిగింది. కోవూరు అవతల వాళ్ళ చేలో మొదటిసారి దాన్నెక్కి నా ముందు నడిపిస్తూ "మామా, తల ఎంత బాగా ఎత్తి నడుస్తుందో చూడు" అన్నాడు. నేను తల చూడలేదు, జీను వెనక వీపు చూశాను. అక్కడ పాత నులకమంచం కుంగినట్టు కుంగి ఉంది.

ఇలాంటి గుర్రాన్ని తన ఒళ్ళు తానే సరిగ్గా మోసుకునేలా ఎలా చెయ్యాలో చెప్తాను. డ్రెస్సాజ్‌లో దీన్నే సెల్ఫ్ క్యారేజ్ అంటారు. డ్రెస్సాజ్ అంటే గుర్రం చేత గతులు, వంపులు పద్ధతిగా చేయించే స్వారీ విద్య. పోటీలకి వెళ్ళే వాళ్ళకి మాత్రమే కాదు, వారానికి మూడు రోజులు సరదాగా ఎక్కే వాళ్ళక్కూడా ఇది కావాల్సిందే, ఎందుకంటే మన బరువు మోసేది దాని వీపు.

మామూలుగా నిలబడి ఉన్నప్పుడే గుర్రం బరువులో ఇంచుమించు 60 శాతం ముందుకాళ్ళ మీద పడుతుంది. తల, మెడ అంతా ముందుకే ఉంటాయి కదా. మనం కూర్చునే చోటు కూడా ముందుకాళ్ళకే దగ్గర కాబట్టి మన బరువులో ఎక్కువ భాగం కూడా అటే పోతుంది. పైగా గుర్రానికి మనలాగా మెడ ఎముక, అంటే కాలర్ బోన్, ఉండదు. ముందుకాళ్ళ మధ్య దాని ఛాతీ కండరాల మీదే ఊయల కట్టినట్టు వేలాడుతుంది. ఆ కండరాలు పని చేస్తే ఛాతీ భుజాల మధ్య పైకి లేస్తుంది, చెయ్యకపోతే కిందికి జారుతుంది. ఛాతీ జారిన గుర్రం నడుస్తుంటే పల్లంలోకి దిగుతున్నట్టు ఉంటుంది, చేతుల్లో పగ్గాలు బరువెక్కుతాయి, లేదంటే గౌరి లాగా తల ఆకాశానికి ఎత్తి వీపు కిందికి వదిలేస్తుంది.

నులకమంచం కుంగితే మనం ఏం చేస్తాం? మధ్యలో నులక పట్టుకుని పైకి లాగం, తలవైపు ముట్టుకోం. కాళ్ళవైపు తాళ్ళు ఒక్కొక్కటే లాగి బిగిస్తాం, కుంగు దానంతటదే లేస్తుంది. గుర్రం విషయంలోనూ అంతే. వెనక్కాళ్ళు పొట్ట కిందికి వచ్చి పని చేస్తే పొట్ట కండరాలు బిగుస్తాయి, వీపు లేస్తుంది, వీపు లేస్తే మెడ తనంతట తానే విల్లులా తిరుగుతుంది. అందుకే ఈ పద్ధతిలో మెడని చివర్న చూస్తాం. మా మేనల్లుడు 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల వీడియోలు చూశాడు. మన డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం గెలిచింది, అనూష్ అగర్వాలా విడిగా కాంస్యం కూడా తెచ్చాడు, 1982 ఢిల్లీ తర్వాత గుర్రపుస్వారీలో మనకి ఆసియా క్రీడల స్వర్ణం మళ్ళీ అప్పుడే. ఆ గుర్రాల మెడ వంపు చూసి గౌరి మెడ కూడా అలా రావాలని పగ్గాలు లాగడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి వెనక్కాళ్ళతో చేయించిన పని ఫలితం ఆ వంపు. వీడియోలో ఫలితమే కనపడుతుంది, పని కనపడదు.

ముందుగా జీను ఎక్కకుండానే చూసుకోవాల్సినవి ఉన్నాయి. నోరు తెరిపించి పళ్ళు చూపించండి. గుర్రం దవడ పళ్ళు జీవితాంతం పైకి వస్తూ అరుగుతుంటాయి, అంచులు బ్లేడులా తేలి బుగ్గల్ని, నాలుకని కోస్తాయి, అలాంటి నోట్లో కళ్ళెం పెట్టి మెత్తగా రమ్మంటే ఎలా వస్తుంది? పశువుల డాక్టరు చేత ఆకురాయి పట్టించాలి. తర్వాత వీపు. వెన్నెముకకి రెండు పక్కలా, నాలుగు వేళ్ళు ఆనించి మెడ దగ్గర నుంచి తుంటి దాకా నెమ్మదిగా నొక్కుతూ పోండి. ఎక్కడైనా చటుక్కున కుంగినా, చర్మం వణికినా, చెవులు వెనక్కి పెట్టినా అక్కడ నొప్పి ఉందని అర్థం, చాలాసార్లు అది జీను సరిపోకపోవడం వల్లే. ఊరేగింపు గుర్రాలకి వేసే ముళ్ళ కళ్ళెం మీ దగ్గరుంటే ఈ రోజే తీసి అవతల పారేయండి. సామాను లాగే, మోసే జంతువుల కోసం 1965లో వచ్చిన కేంద్ర నిబంధనలే దాన్ని నిషేధించాయి. గౌరి నాలుక పక్కన మానిపోయిన గాటు నేను వేలు పెట్టి చూశాను, సన్నగా తాడులా తగిలింది. ఆ నోటికి మధ్యలో కీలు ఉన్న నున్నటి కళ్ళెం, స్నాఫిల్ అంటారు, అది వేశాం, మొదటి పది రోజులు పగ్గాలే పట్టుకోకుండా కళ్ళెం నోట్లో ఉంచి మేత దగ్గర నిలబెట్టాం.

బరువు సంగతి కూడా. జీనుతో కలిపి మనిషి బరువు గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదని సాధారణంగా చెప్తారు. 370 కిలోల గుర్రం అనుకుంటే జీనుతో కలిపి 74 కిలోలు. వీపు బలహీనంగా ఉన్న గుర్రానికి అంతకన్నా తక్కువే మంచిది.

చోటు. డ్రెస్సాజ్ మైదానం చిన్నదైతే 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు, పెద్దదైతే 60 మీటర్ల పొడవు. మనకి అంత అక్కర్లేదు, ఒక పెద్ద వృత్తం చాలు. మేము ఎడగారు కోత అయిపోయిన మడిలో, మోళ్ళు బాగా తొక్కి చదును చేయించి, మధ్యలో మేకు కొట్టి 10 మీటర్ల తాడు కట్టి, కొసన ముగ్గుపిండి డబ్బా పట్టుకుని చుట్టూ గీశాం. 20 మీటర్ల వృత్తం ఎంత పెద్దదో గీసి చూస్తే గానీ తెలియదు, చాలామంది దాన్ని కోడిగుడ్డులా తిప్పుతుంటారు. నేల ఎండి బీటలు వారితే మాత్రం ఆ మడిలో ట్రాట్ (నడక కన్నా వేగంగా వేసే అడుగు) వద్దు, బీటలో గిట్ట పడితే కాలు మెలిపడుతుంది. మైపాడు బీచ్ దగ్గరున్న వాళ్ళు అల వెనక్కి పోయాక గట్టిపడిన తడి ఇసుక మీద చెయ్యండి. పైన పొడి ఇసుకలో వద్దు, పెన్నలో లోతు ఇసుకలో అసలే వద్దు. కాలు దిగబడ్డప్పుడల్లా కాలి వెనకాల నరాలు, అంటే టెండన్లు, సాగుతాయి, అవి దెబ్బతింటే నెలల తరబడి కట్టేసి ఉంచాలి. వేళ విషయానికొస్తే ఎండాకాలం మన దగ్గర తెల్లవారుజామున ఐదున్నరకే మొదలుపెట్టాలి. కోస్తా ఉక్కపోతలో చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. రోహిణి కార్తెలో మేము వారం పది రోజులు స్వారీయే మానేసి నడిపించి వదిలేస్తాం.

ఇక పాఠం. మొదటి పది నిమిషాలు పగ్గాలు పూర్తిగా వదిలి నడక. ఊరికే నడక అని నిర్లక్ష్యం చెయ్యకండి, ఆ రోజు గుర్రం ఎలా ఉందో ఇక్కడే తెలిసిపోతుంది. దిగి అడుగుజాడలు చూడండి. ముందు గిట్ట గుర్తు గుండ్రంగా ఉంటుంది, వెనక గిట్టది కాస్త కోలగా ఉంటుంది. వెనక గిట్ట గుర్తు ముందు గిట్ట గుర్తు మీద పడుతోందా, దాటి పడుతోందా, వెనకే ఉండిపోతోందా? తడి ఇసుక మీద ఇది అచ్చు వేసినట్టు కనపడుతుంది. గౌరిది మొదటి రోజు జానెడు వెనకే పడింది, అది కూడా ఎడమ వెనక్కాలు కుడిదానికన్నా రెండు వేళ్ళు ఎక్కువ వెనకబడింది. ఆ రెండు వేళ్ళ తేడా వల్ల ఏ వైపు ఎక్కువ పని చేయించాలో నాకు ముందే తెలిసింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటాం.

పగ్గాలు అందుకున్నాక వృత్తం మీదికి వెళ్ళండి. మీ లోపలి కాలు, అంటే వృత్తం మధ్య వైపుది, జీను పట్టీ దగ్గర, బయటి కాలు దాని వెనక నాలుగు వేళ్ళ దూరంలో. బయటి పగ్గం కదలకుండా నెమ్మదిగా ఉండాలి, లోపలి పగ్గం మెత్తగా, గుర్రం లోపలి కన్ను అంచు మాత్రమే కనపడేంత వంపు. వృత్తాన్ని నాలుగైదు సార్లలో చిన్నది చేస్తూ 12 మీటర్లకి తెచ్చి, అక్కడి నుంచి లోపలి కాలితో ఒక్కో అడుగూ పక్కకి తోస్తూ మళ్ళీ పెద్ద వృత్తానికి పంపండి. పక్కకి జరిగే ఆ అడుగుల్లో లోపలి వెనక్కాలు పొట్ట కిందికి వచ్చి పడాల్సిందే, దానికి వేరే దారి లేదు. అది పడినప్పుడు మీకు కూర్చున్న చోటు కింద ఏదో నిండినట్టు అనిపిస్తుంది. మొదట్లో ఒక్క క్షణమే ఉండి పోతుంది, ఆ క్షణాన్ని గుర్తు పట్టడమే ఈ పాఠంలో సగం.

ఇప్పుడు అసలు విషయం, గతి మార్పులు. నడక నుంచి ఆపడం, మళ్ళీ నడక, నడక నుంచి ట్రాట్, ట్రాట్ నుంచి నడక. పది అడుగులకోసారి మార్చండి, ఒకే చోట మారిస్తే గుర్రం ముందే కనిపెట్టేస్తుంది కాబట్టి చోట్లు మార్చండి. బండలాగుడు పోటీలు చూడని వాళ్ళు మన ఒంగోలు వైపు ఉండరు గదా. బండ కదలబోయే ఆ క్షణంలో ఎద్దుని గుర్తు తెచ్చుకోండి. తుంటి కిందికి దిగుతుంది, వెనక్కాళ్ళు ముందుకి వచ్చి నేలలోకి గుచ్చుకుంటాయి, అప్పుడు గానీ ముందుభాగం కదలదు. గుర్రం నడక నుంచి ట్రాట్‌కి బాగా ఎత్తుకున్నప్పుడు అందులో పదో వంతైనా అలాంటి పని జరగాలి. చెడ్డగా ఎత్తుకుంటే తల విసిరి ముందుకాళ్ళతో ఒళ్ళు ఈడ్చుకుంటుంది. అలా జరిగితే తిట్టొద్దు, కొట్టొద్దు, నడకకి తీసుకొచ్చి మళ్ళీ అడగండి.

మార్పుకి ముందు గుర్రానికి ఒక కబురు పంపాలి, దాన్నే హాఫ్ హాల్ట్ అంటారు. మనవాళ్ళు దీన్ని లాగి వదలడం అనుకుంటారు, నాకూ ఒకచోట నేర్చుకునే రోజుల్లో అలాగే చెప్పారు, తల కిందికి వచ్చేదాకా రంపం లాగినట్టు ఎడమా కుడీ పగ్గాలు లాగమన్నారు. రెండేళ్ళు అలా చేశాను, ఆ రెండేళ్ళలో నేనెక్కిన గుర్రాలన్నిటికీ క్షమాపణ చెప్పుకోవాలి. చెయ్యాల్సింది ఇది. ఊపిరి పీల్చుకుంటూ నడుం నిటారుగా ఎదగనివ్వండి, రెండు తొడలూ జీనుకి ఆనించండి, పిక్కలతో వెనక్కాలిని రమ్మని పిలవండి, అదే సమయంలో బయటి పగ్గం పట్టుకున్న గుప్పెట ఒక్కసారి మూసి తెరవండి. చెయ్యి వెనక్కి రాకూడదు, వేళ్ళు మాత్రమే. ఇదంతా ఒకే ఒక్క అడుగులో అయిపోవాలి. అయ్యాక గుప్పెట తెరవడం మర్చిపోతే మిగతాదంతా వృథా.

మనోడు మొదటి వారం మూసిన గుప్పెట తెరవలేకపోయాడు. "వదిలితే పరిగెత్తుతుందేమోనని టెన్షన్ మామా" అన్నాడు. పరిగెత్తితే వృత్తం మీదే గదరా, ఎక్కడికి పోతుంది, తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది అన్నాను. అప్పుడు వదిలాడు. గౌరి రెండడుగులు గాబరాపడి తల ఎత్తింది, మూడో అడుగుకి మెడ ముందుకి సాచింది, నాలుగైదు అడుగులయ్యాక పెదాలు చప్పరించింది. మూతి చివర చిన్న నురగ. అది వచ్చాక పది రోజుల్లో మొదటిసారి దాని తోక ఎడమా కుడీ తేలిగ్గా ఊగడం చూశాను. అంతదాకా తోక తుంటికి అతుక్కుపోయి ఉండేది.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని మన సామెత. దాన్ని పట్టుకుని చేతులు గట్టిగా ఉండాలనుకునే వాళ్ళు చాలామంది. రౌతు ఏమరుపాటుగా ఉండకూడదన్నంతవరకూ ఆ సామెత నిజమే. కాలు, నడుం, ఆలోచన మెత్తబడకూడదు. చెయ్యి మాత్రం మెత్తగానే ఉండాలి, ఎందుకంటే చేతి మీద ఆనుకునే గుర్రం తన ఒళ్ళు తాను మోయదు, మనమే ఐదో కాలు అవుతాం.

అందుకే వదిలి చూడటం అనేది ప్రతి ఐదు నిమిషాలకోసారి చెయ్యాలి. ట్రాట్‌లో లోపలి చేతిని గుర్రం మెడ వెంట ఒక అర జానెడు ముందుకి తోసి రెండు మూడు అడుగులు పగ్గం వేలాడనివ్వండి, మళ్ళీ అందుకోండి. డ్రెస్సాజ్ పోటీల్లో కూడా ఇది అడుగుతారు. గతి మారకుండా, వంపు పోకుండా, తల ఎగరకుండా అలాగే నడిస్తే అది తన ఒళ్ళు తానే మోసుకుంటున్నట్టు. ముందుకి పడిపోయినా, పరుగెత్తినా ఇంతసేపూ దాన్ని మోసింది మీ చేతులన్నమాట. అలాంటప్పుడు పట్టు బిగించకుండా గతి మార్పులకి తిరిగి వెళ్ళండి.

నెల పైన అయ్యి, ఇవి రెండు వైపులా కుదిరాక షోల్డర్ ఇన్ మొదలుపెట్టొచ్చు. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో లా గెరినియేర్ అనే రౌతు దీన్ని పద్ధతిగా స్థిరపరిచాడు, ఇప్పటికీ వెనక్కాలి బలానికి దీనంత మేలు చేసే వ్యాయామం ఇంకోటి లేదని నా నమ్మకం. పొలం గట్టు వెంట నడకలో చెయ్యండి, గోడకి బదులు గట్టు పనికొస్తుంది. వెనక్కాళ్ళు గట్టు వెంటే పోతుంటాయి, భుజాలు మాత్రం లోపలికి ఒక మోస్తరు కోణంలో వస్తాయి. ఎదురుగా నిలబడ్డ వాళ్ళకి మూడు దారులు కనపడాలి: బయటి వెనక్కాలిది ఒకటి, బయటి ముందుకాలు, లోపలి వెనక్కాలు కలిసి ఒకటి, లోపలి ముందుకాలిది ఒకటి. మెడ ఒక్కటే వంగి భుజాలు అక్కడే ఉండిపోతే మూడు దారులు రావు, అది లోపలి పగ్గం లాగుతున్న వాళ్ళకే జరుగుతుంది. నాలుగడుగులు బాగా వస్తే చాలు, అక్కడే నేరుగా పంపేసి మెడ మీద తట్టండి. గౌరికి ఎడమ వెనక్కాలు బలహీనం కాబట్టి మేము ఎడమ చేతి వైపు రెండు సార్లు చేస్తే కుడి వైపు ఒకసారి చేశాం.

కర్రల మీద నడిపించడం దీనికి తోడు. మన దగ్గర జామాయిల్ కర్రలకి కొదవ లేదు, మనిషి చెయ్యంత లావువి, పది అడుగుల పొడవువి నాలుగు తెచ్చుకోండి. కర్ర దొర్లకుండా రెండు కొసల కింద ఇసుక బస్తా ముక్కలు పెట్టండి, గిట్ట కింద దొర్లితే కాలు పోయినట్టే. నడకకి కర్రకీ కర్రకీ మధ్య మూడడుగుల లోపు, ట్రాట్‌కి నాలుగడుగులు, పెద్ద గుర్రమైతే నాలుగున్నర దాకా. మీ గుర్రం అడుగుని బట్టి సర్దుకోవాలి, కర్రకి తగలకుండా మధ్యలో పడేలా. కర్రల మీద వెళ్ళేటప్పుడు చేతులు వదిలెయ్యండి, తల కిందికి దించి చూసుకుంటుంది, అప్పుడు వీపు లేవడం పక్కన నిలబడ్డ వాళ్ళకి కంటికే కనపడుతుంది. వారానికి రెండుసార్లకి మించొద్దు.

ఒక తప్పు గురించి గట్టిగా చెప్పాలి. గుర్రం ముక్కు ఛాతీ వైపు ముడుచుకుపోతే చూడటానికి అందంగా ఉంటుంది, ఫొటోకి లైకులు వస్తాయి. కానీ అది దాక్కోవడం. ముక్కు నేలకి నిట్టనిలువు గీత కన్నా కాస్త ముందే ఉండాలి, మెడలో అన్నిటికన్నా ఎత్తైన చోటు రెండు చెవుల మధ్య ఉండాలి. మెడ మధ్యలో విరిగినట్టు వంగి ముక్కు లోపలికి పోతే వెంటనే పగ్గం వదిలి ముందుకి పంపండి. తల కిందికి రావాలని పగ్గాలు జీనుకి కట్టేసి గంటలకొద్దీ నిలబెట్టేవాళ్ళని చూశాను. ఆ కండరాలు నొప్పితో బిగుసుకుపోతాయే తప్ప బలపడవు.

మొత్తం కలిపి అరగంట, మొదట్లో ఇరవై నిమిషాలే. ప్రతి నాలుగైదు నిమిషాలకి పగ్గాలు వదిలి ఒక చుట్టు నడక, ఎందుకంటే కొత్త కండరం త్వరగా అలిసిపోతుంది, అలిసిన కండరంతో చేయించింది తప్పుడు అలవాటే అవుతుంది. వారానికి నాలుగు రోజులు, మధ్యలో ఒక రోజు ఊరికే పొలాల వెంట షికారు. గౌరికి జీను వెనక గుంట పూడటానికి నాలుగు నెలలు పట్టింది. మీ గుర్రానికి ఆరు పట్టొచ్చు.

దిగాక జీను పట్టీ రెండు రంధ్రాలు వదులు చేసి, ఊపిరి మామూలుగా అయ్యేదాకా చేత్తో నడిపించండి. నీళ్ళు కావాల్సినన్ని పెట్టండి, ఒళ్ళంతా నీళ్ళు పోసి చేత్తో దులపండి, మళ్ళీ పొయ్యండి. ఉలవలు ఆ తర్వాత గంటకి. మర్నాడు పొద్దున జీను వెయ్యకముందు మళ్ళీ ఆ నాలుగు వేళ్ళతో వెన్నెముక పక్కన నొక్కి చూడండి. కండరం పిండిముద్దలా మెత్తగా తగిలి, గుర్రం అలాగే మేత నములుతుంటే ఆ రోజు స్వారీ చెయ్యొచ్చు. నమలడం ఆపి మీ వైపు తిరిగి చూస్తే మాత్రం జీను గోడకే ఉంచి, తాడు పట్టుకుని గట్టు వెంట నడిపించుకు రండి.